ప్రపంచీకరణము, జాతీయ విద్య, మన బడులు

(శతవార్షికోత్సవ విద్యా సదస్సులో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగము)



ఈ సదస్సునకు మాకిచ్చిన అంశము, ప్రపంచీకరణము జాతీయ విద్యా విధానములపై చూపు ప్రభావము. కాగితము చేతికి వచ్చినప్పుడు మా కమిటీలో ఒకరు, ఇది విశ్వవిద్యాలయములలో ప్రొఫెసర్లు మాట్లాడుకొను సంగతి గాని మన బోటి వారిది కాదన్నారు. మరియొకరు, మన కాంపౌండు బడిలో పిల్లలు ఎందుకు తగ్గిపోయిరో చెప్పవలెనన్న ఆ పెద్ద మాటలోనికి పోక తప్పదన్నారు. రెండవవారి మాటయే నెగ్గినది. వచ్చే అధ్యక్ష ఖండ సభలో ఆ బడిని గురించి ఒక తీర్మానము రానున్నదని మీకందరికి తెలియును. దానికి ముందు ఈ సంగతులు మన మధ్య విప్పి చెప్పుకొనుట మంచిదని తలంచినాము.

ప్రపంచీకరణమనగానే 1991 తరువాత వచ్చిన కొత్త సంగతియని అనుకొందుము. సరకుల విషయములో కొంతవరకు అది నిజమే. చదువు విషయములో కాదు. మన రాజధాని అప్పట్లో మద్రాసు కాబట్టి అక్కడి కథ ఒకటి చెప్పెదము. 1789లో ఎగ్మూరులోని సైనికుల మగపిల్లల అనాథాశ్రమమునకు ఆండ్రూ బెల్ అను ఇంగ్లాండు సంఘపు గురువుగారు పర్యవేక్షకులైనారు. ఒకనాడు ఆయన గుఱ్ఱముపై పోవుచుండగా ఒక వీథి బడిలో పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచినారట. పలక లేదు, కాగితము లేదు, ఖర్చు లేదు. తిరిగి వచ్చి తన ఆశ్రమములో ఆలాగే చేయించబోగా అక్కడి ఉపాధ్యాయులు తమకది తగదన్నట్లు మొండికేసినారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అను 8 ఏళ్ళ సిపాయి కొడుకును పిలిచి, చిన్నవారికి అక్షరములు నేర్పుమని వానికే అప్పగించినారు. వాడు నేర్పినాడు! 1797లో బెల్‌గారు లండనులో ఆ పద్ధతిని గురించి చిన్న పుస్తకము అచ్చువేసినారు. 1811లో ఇంగ్లాండు సంఘము బీదపిల్లల చదువు కొరకు నేషనల్ సొసైటీని స్థాపించినప్పుడు, ఆ సొసైటీ బడులన్నిటికి ఈ మద్రాసు పద్ధతియే పునాది అయినది. మన అరుగుల మీద పుట్టిన ఇసుక చదువు ఓడ ఎక్కి పోయి వారి దేశపు బడి అయినదన్న మాట. ఈ సంగతి మన ట్రెయినింగు స్కూళ్ళలో చెప్పగా మేమెన్నడును వినలేదు.

మన బడుల లెక్క కూడ దొరలు వ్రాయించినారు. సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరిని తమ జిల్లాలలోని బడులెన్ని, పిల్లలెందరు అని అడిగినారు. తెలుగు, కన్నడము రెండును మాట్లాడు బళ్ళారి జిల్లా నుండి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన జవాబు ప్రసిద్ధమైనది. బడులు 533. అందులో కన్నడము చెప్పునవి 235, తెలుగు 226, తక్కినవి మరాఠీ, పారశీకము, సంస్కృతము, అరవము. ఇంగ్లీషు బడి ఒకే ఒకటి. పిల్లలు 6,641 మంది. జిల్లా జనాభా 9 లక్షల పైచిలుకు గనుక వేయిమందికి ఏడుగురు కూడ చదువుట లేదు. ఆడపిల్లలు మొత్తము మీద 60 మంది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పు ఏర్పాటును ఆయన మెచ్చుకొన్నారు. పిల్లలు అర్థము తెలియకుండ పాత పద్యములు వల్లించుట మాత్రము ఆయనకు నచ్చలేదు. అర్థము తెలియని వల్లింపు అన్న ఆ మాటకు మరల వత్తుము.

ఈ లెక్కను చూపించి పూర్వము మన దేశములో బడులెన్నియో ఉండెననియు, పరాయి చదువు వచ్చి వాటిని చెరిపివేసినదనియు వ్రాయువారున్నారు. వారి బాధలో న్యాయమున్నది. అయితే మన తాతముత్తాతలు ఏ అరుగు మీద కూర్చుండి ఇసుకలో దిద్దిరని మనలను మనము అడుగుకొనవలెను. మనలో అధిక సంఖ్యాకులు మాలపల్లెల నుండి, మాదిగపల్లెల నుండి వచ్చినవారము. ఆ అరుగులెక్కు హక్కు మన పెద్దలకు లేదు. జాతీయ విద్యయని గొప్పగా చెప్పుకొను ఆ చదువులో మన వంతు సున్న. పరాయి గాలి తలుపు తోసిన తరువాతనే మనము లోపలికి అడుగు పెట్టితిమి. అందుచేత ప్రపంచీకరణమును తిట్టుమన్నప్పుడు మా నాలుక కొంచెము తడబడును. దానిని పొగడుమన్నను అంతే.

రాబర్ట్ నోబుల్‌గారు 1841లో బందరు వచ్చి 1843లో బడి తెరచినప్పుడు చదువు ఇంగ్లీషులో, పిల్లలు అధికముగా అగ్రకులములవారు. పైవారు చదివినచో క్రిందివారికి అది ఇంకిపోవునని ఆనాటి ఆశ. ఆశించినంత ఇంకలేదు. పల్లెలకు చదువు వచ్చినది వేరు దారిన. కేటికిస్టు ఇంటి వరండాలో, తాటాకు పాకలో, రాత్రి కూలి నుండి వచ్చిన పిల్లలను లాంతరు ముందు కూర్చుండబెట్టి తెలుగులోనే వచ్చినది. సువార్త చదువుకొనుటకు వచ్చిన అక్షరము దస్తావేజు చదువుకొనుటకు కూడ పనికి వచ్చినది. 1854 నాటి ఉడ్ పత్రము, క్రింది తరగతులలో దేశభాష, పై తరగతులలో ఇంగ్లీషు అని దారి చూపి, ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చు పద్ధతిని ప్రారంభించినది. మన బడులు ఆ గ్రాంటు మీద, విదేశ సంఘముల కానుకల మీద, మన పిడికెడు బియ్యము మీద నిలిచినవి. మూడును పరాయివే, మూడును మనవే.

అప్పటి రాకకు, ఇప్పటి రాకకు ఒక భేదమున్నది. అప్పుడు మనుష్యులు వచ్చినారు. వచ్చినవారు తెలుగు నేర్చినారు, మన ఎండలో మాడినారు, కొందరు మన సమాధుల తోటలోనే నిద్రించుచున్నారు. వారితో పేచీ పడుటకు, వాదించుటకు, బంగళా గుమ్మము వద్ద నిలువబడి దొరసానమ్మగారిని నిలదీయుటకు వీలుండెను. ఇప్పుడు వచ్చునవి కొలతలు, ఋణములు, ర్యాంకులు. వాటికి బంగళా లేదు.

కొలత సంగతి చూడుడు. 2000 సంవత్సరము నుండి ధనిక దేశముల ఆర్థిక సహకార సంస్థ పిసా అను పరీక్ష నడుపుచున్నది. 15 ఏళ్ళ పిల్లలకు, చదువుట, లెక్కలు, సైన్సు. మన దేశము నుండి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ ఒక్కసారి అందులో పాల్గొన్నవి. 2011 డిసెంబరులో ఫలితములు వచ్చినప్పుడు 74 దేశములు, ప్రాంతముల పట్టికలో రెండును అడుగున, చివరి స్థానమునకు కొంచెము పైన, ఉన్నవి. ప్రశ్నలు మన పిల్లల జీవితమునకు సంబంధించినవి కావని చెప్పి మన దేశము తరువాతి పరీక్షలకు పోలేదు. ఆ ఆక్షేపణలో కొంత నిజమున్నది. అయినను ప్రశ్న పరాయిదని పేపరు చింపివేసిన పిల్లవాని తండ్రికి మనమేమి చెప్పుదుము? మా కమిటీలో దీనిమీద చాల వాదన జరిగినది, తేలలేదు. ఒకటి మాత్రము అందరము ఒప్పుకొంటిమి. ఒక దేశపు బడి మంచిదా చెడ్డదా అని తేల్చు అధికారము ఆ దేశపు తలిదండ్రుల చేతి నుండి జారి, ఎక్కడనో ఉన్న పట్టికకు పోవుచున్నది. మంత్రులు పట్టికకు జడియుదురు. పట్టికలో లేని పాటలు, చేతిపని, తోటపని, నీతిబోధ టైంటేబులులో నుండి మెల్లగా జారిపోవును.

ఋణముల సంగతి మన ఉపాధ్యాయులకే బాగుగా తెలియును. 1980వ దశకములో బ్రిటీషు ప్రభుత్వ సహాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము వచ్చినది. ఆ ట్రెయినింగులో కత్తిరించిన అట్టబొమ్మలు, గోడలకు తగిలించిన పిల్లల పనులు మనలో పలువురకు జ్ఞాపకమే. మంచి పథకము. పిల్లలచేత పని చేయించి నేర్పుమన్నది. 1994లో దేశములో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకము ప్రపంచ బ్యాంకు అండతో వచ్చినది. 2021లో మరల ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ బడుల కొరకు 25 కోట్ల డాలర్ల ఋణమునకు ఒప్పుకొన్నది. ముందుగా ఒప్పుకొన్న ఫలితములు చూపిన కొలది డబ్బు విడుదల చేయు ఏర్పాటు ఇది. తప్పేమున్నది అందురు. తప్పు కాదు. కాని ఫలితము చూపవలసినవాడు ఎవరు? క్రింద ఉన్న పంతులే. పాఠము చెప్పు చేతితోనే ఫోను పట్టుకొని ఫోటోలు ఎక్కించుచు, లెక్కలు నింపుచు ఉన్న ఆయన ముఖము మేము ఈ ఏడు చూచిన ప్రతి బడిలోను కనబడినది.

పేర్ల మార్పులను చూచినను తల తిరుగును. వేయి ప్రభుత్వ పాఠశాలలను 2022లో కేంద్ర బోర్డునకు చేర్చినారు. 2024లో వాటిని తిరిగి రాష్ట్ర బోర్డులోనికి తెచ్చినారు. 2024 జనవరిలో జెనీవాలో ప్రధాన కార్యాలయము గల ఇంటర్నేషనల్ బాకలారియెట్ సంస్థతో ఒప్పందము జరిగినది. ఆ ఏడే ప్రభుత్వము మారిన తరువాత అది ప్రక్కకు పోయినది. ఏ పక్షము మంచిదని చెప్పుటకు మేము రాలేదు. ఎనిమిదవ తరగతిలో ఒక బోర్డు, పదిలో మరియొక బోర్డు చూచిన పిల్లవాడు ఏమనుకొనునా అని మాత్రము అనిపించినది.

ఇక ప్రపంచ వాణిజ్య సంస్థ సంగతి త్వరగా ముగింతుము. 1995లో అమలులోనికి వచ్చిన సేవల వాణిజ్య ఒప్పందములో చదువును కూడ క్రయవిక్రయ సేవలలో చేర్చినారు. మన దేశము అప్పుడు విద్యా రంగములో హామీలేమియు ఇయ్యలేదు. 2005లో ఉన్నత విద్యను గురించి షరతులతో ఒక ప్రతిపాదన చేసినది. ఆ ఒప్పందము సంగతి ఎట్లున్నను తలుపు మన చేతులతోనే తెరచుకొన్నాము. 2023లో యు.జి.సి. విదేశీ విశ్వవిద్యాలయములకు ఇక్కడ క్యాంపసులు పెట్టుకొనుటకు నియమములు చేసినది. గుజరాతులోని గిఫ్ట్ సిటీలో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములు రెండు అప్పటికే వచ్చి, 2024లో పాఠములు మొదలుపెట్టినవి. మన పల్లె పిల్లలకు వాటితో నిమిత్తము లేదు, కొలువులిచ్చువారి చూపులో వాటి పట్టాకు, జిల్లా కేంద్రములోని డిగ్రీ కాలేజీ పట్టాకు దూరము పెరుగుట తప్ప.

భాష దగ్గరకు వత్తుము. ఇది మన ఇండ్లలోని సంగతి గనుక కొంచెము నిదానముగా చెప్పవలెను.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1 నుండి 6వ తరగతి వరకు ఇంగ్లీషు మీడియమునకు ఉత్తర్వు ఇచ్చినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆ ఏడే వచ్చిన జాతీయ విద్యా విధానము, వీలైన చోట కనీసము ఐదవ తరగతి వరకు మాతృభాషలో చెప్పుమన్నది. తరువాత పుస్తకములు ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషుతో వచ్చినవి. తెలంగాణలోను 2022 నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మీడియము ప్రవేశపెట్టినారు. మేము ఒక పాస్టరేటు బడిలో నాల్గవ తరగతి పాపను ఇంగ్లీషు పాఠము చదువుమంటిమి. గడగడ చదివినది. మా ప్రాణము లేచి వచ్చినది. దాని అర్థమేమి తల్లీ అని అడిగితిమి. పాప నవ్వి, పుస్తకములో ఎడమ ప్రక్కకు చూచినది. ఎడమ ప్రక్క తెలుగు కూడబలుక్కొని చదివినది. క్యాంబెల్ దొర బళ్ళారిలో చూచిన వల్లింపు మరల మా కండ్లయెదుట కనబడినది. భాష మాత్రమే మారినది.

బయటకు వచ్చి, తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషు మెల్లగా నేర్పుట మంచిదని అక్కడి తల్లులతో చెప్పితిమి. మిరపకోతల నుండి నేరుగా వచ్చిన ఒక తల్లి కొంగు దులుపుకొని, "అయ్యగారూ, మీ పిల్లలు ఏ బడిలో చదివారండీ?" అని అడిగినది. మాలో ఎవరును వెంటనే బదులు చెప్పలేదు. ఆమె ఊరుకొనలేదు. "కామందుగారి పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు తెలుగు. మళ్ళీ పాత రోజులేగా?" అన్నది.

ఆ తల్లికి మేము అక్కడ ఇయ్యలేని జవాబు ఇక్కడ ఇయ్యవలెను. కమిటీలో ఉన్న మా అందరి పిల్లలు ఇంగ్లీషు మీడియములో చదివినవారే. మన గురువుల పిల్లలు, ఉపాధ్యాయుల పిల్లలు అంతే. మన బడిలో పనిచేయుచు మన పిల్లలను ఎదుటి బడికి బస్సెక్కించిన వారము మనము. తెలుగు గొప్పదని ఆ తల్లికి చెప్పు అర్హత మనకు ఆ ఉదయముననే పోయినది. అయినను పాప చూపిన నవ్వు అబద్ధము కాదు. ఇంగ్లీషు కావలెను, నిజమైనది కావలెను. మీడియము మార్చి బోర్డు మీద రంగు వేసినంత మాత్రమున ఇంగ్లీషు రాదు. దానిని నేర్పగల ఉపాధ్యాయిని రావలెను. ఆమెకు జీతము రావలెను. పాపకు అర్థమగు భాషలో లెక్కలు, సైన్సు వచ్చి, మొదటి తరగతి నుండియే ఇంగ్లీషు మాట వినుచు, పలుకుచు పెరిగినచో ఆ తల్లికి అన్యాయము జరుగదని మా అభిప్రాయము. మాలో ఇద్దరు దీనికి ఒప్పుకొనలేదు. ఆ సంగతి దాచుట న్యాయము కాదు.

పైకి పోవు పిల్లల మాట. 2023-24లో అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు చైనాను దాటి మనమే మొదటివారమైనాము. అందులో తెలుగు పిల్లలు ఎందరో మన ఆదివారపు ప్రార్థన మనవులను విన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వీసా కొరకు ప్రార్థించుడి, ఉద్యోగము కొరకు ప్రార్థించుడి అన్న చీటీలు ప్రతి గుడిలో వచ్చుచున్నవి. మన ఆసుపత్రుల నర్సింగు స్కూళ్ళలో చదివిన ఆడపిల్లలు గల్ఫుకు పోయి, తమ్ముళ్ళను చదివించి, పెంకుటిండ్లను డాబాలు చేసినారు. వారి కష్టార్జితములో దశమ భాగము ఈ శతాబ్ది భవనములో కూడ ఉన్నది. దీనిని తక్కువ చేసి మాట్లాడుట కృతఘ్నత. కాని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ప్రకటన ఒకటి కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు, ఆ రాత్రి ఎన్ని ఇండ్లలో నిద్ర లేదో గురువులకు తెలియును. పొలము తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక్క సంతకముతో ఊగినది. మన కాలేజీలన్నియు ఆ ఒక్క ద్వారము వైపునకే తిరిగి నిలిచినవి. చరిత్ర, తెలుగు, వృక్షశాస్త్రము చెప్పు గదులకు తాళములు పడినవి. 1966లో కొఠారి కమిషను జాతీయాదాయములో నూటికి 6 పాళ్ళు చదువుపై ఖర్చు చేయుమన్నది. 2020 విధానములోను అదే 6 పాళ్ళ మాట మరల వ్రాసినారు. ఆ ఖర్చు చేయని లోటును తలిదండ్రులు పొలములమ్మి పూడ్చుచున్నారు.

ఇప్పుడు మన బడి. ఎయిడెడు పోస్టులలో ఖాళీలు ఏండ్ల తరబడి నిండలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడు సిబ్బందిని ప్రభుత్వములోనికి తీసికొను ఏర్పాటు జరిగినప్పుడు అనేక యాజమాన్యములు ఎయిడు వదలుకొన్నవి. 1854 నాటి గ్రాంటు కథ మన కండ్లయెదుటనే ముగింపునకు వచ్చినట్లున్నది. మిగిలిన పిల్లలు కూలివారి పిల్లలు, అందులో మన సంఘస్థులు కొద్దిమందియే. ఇట్టి స్థితిలో ఒక విద్యావ్యాపార సంస్థ మన కాంపౌండును 30 ఏండ్లకు లీజుకు అడుగుచున్నది. పేరులో ఇంటర్నేషనల్ అని చేర్చుదురట. సంఘ పిల్లలకు ఫీజులో కొంత తగ్గింతురట. వచ్చు అద్దెతో గురువుల జీతముల బాకీ తీరును. ఆ బాకీ చిన్నది కాదు. అవును అనువారిని దురాశాపరులని అనకూడదు. వారిలో కొందరు నెలల తరబడి జీతము లేకుండ సేవ చేసినవారు.

విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో నూటికి 25 సీట్లు బీదపిల్లలకు ఇయ్యవలెనన్నది. 2014లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాకుల బడులకు ఆ చట్టము వర్తించదని తీర్పు చెప్పినది. 2025లో మరియొక ధర్మాసనము ఆ ప్రశ్నను తిరిగి పరిశీలింపుమని పైకి పంపినది. అది ఎట్లు తేలినను, ఈనాడు మన బడి గేటు వద్ద నిలిచిన కూలివాని బిడ్డను లోపలికి రానిమ్మని మనలను బలవంతపెట్టు చట్టము లేదు. లీజు కాగితములో కూడ ఆ బిడ్డ మాట లేదు. మేము రెండుసార్లు చదివి చూచితిమి.

మా కమిటీ కోరునది ఇది. లీజును ఈ ఏడు తీర్మానింపక రెండేండ్లు ఆపవలెను. ఆ రెండేండ్లలో ఇద్దరు శిక్షణ పొందిన ఇంగ్లీషు ఉపాధ్యాయినులకు జీతము విదేశములలో ఉన్న మన పూర్వ విద్యార్థుల వద్ద నుండి తెప్పించుటకు ప్రయత్నింపవలెను. ఇద్దరు ఇప్పటికే మాట ఇచ్చినారు, వారిలో ఒకరు మన బోర్డింగులో గంజి త్రాగి పెరిగినవారు. మూడవది చెప్పుటకు మాకే జంకు కలుగుచున్నది. కమిటీ సభ్యులము మా మనుమలను వచ్చే జూనులో ఆ బడిలో చేర్పింతుము. నలుగురము ఒప్పుకొన్నాము. కోడండ్రతో ఇంకను మాట్లాడవలసియున్నది.

ఇది పడకపోవచ్చును. రెండేండ్లకు పిల్లలు రాకపోయినచో లీజు కాగితము మరల తీయవలసివచ్చును, అప్పుడు మేము అడ్డము చెప్పము. అయితే సంతకము చేయునాడు, గేటులో నుండి బయటకు పోవు పిల్లల పేర్లు హాజరుపట్టీ తీసి సభలో పైకి చదువవలెనని మాత్రము కోరుచున్నాము. పట్టీ హెడ్మాస్టరుగారి బీరువాలో ఉన్నది.